చైనా పార్టీ మెట్ల మీద ఆడవాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారు

మార్చి 8 దగ్గరపడితే మన గోడల మీదా ఫ్లెక్సీల మీదా 'ఆకాశంలో సగం' అన్న మాట కనబడుతుంది. మావో కాలపు చైనా నినాదం అది. తెలుగులో ఎంతగా ఇంకిపోయిందంటే, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని వాళ్లు కూడా సొంత మాటలా వాడుకుంటారు. ఆ నినాదాన్ని లోకానికిచ్చిన పార్టీలో ఇవాళ్టి లెక్క చూద్దాం. 2024 చివరికి చైనా కమ్యూనిస్టు పార్టీ సభ్యులు పది కోట్లు దాటారు. వాళ్లలో ఆడవాళ్లు 30.9 శాతం. 2022 అక్టోబరులో జరిగిన 20వ మహాసభకు ఎన్నికైన 2,296 మంది ప్రతినిధుల్లో ఆడవాళ్లు 619 మంది, అంటే 27 శాతం. ఆ మహాసభ ఎన్నుకున్న కేంద్ర కమిటీలో పూర్తి సభ్యులు 205 మందైతే, అందులో ఆడవాళ్లు 11 మంది, అంటే ఐదు శాతం చిల్లర. 24 మంది పొలిట్‌బ్యూరోలో ఒక్కరూ లేరు. దాని పైనున్న ఏడుగురి స్టాండింగ్ కమిటీలోకైతే ఇంతవరకు ఏ ఆడమనిషీ రాలేదు.

ముప్పై, ఇరవై ఏడు, ఐదు, సున్నా. అందరి కళ్లూ చివరి సున్నా మీదే పడతాయి. నన్నడిగితే చూడాల్సింది ఇరవై ఏడుకీ ఐదుకీ మధ్య ఉన్న గొయ్యిని. సున్నా అక్కడే తయారవుతుంది.

ఈ సంగతి మాట్లాడేటప్పుడు మన దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. వేల ఏళ్ల కన్‌ఫ్యూషియస్ భావజాలం అంత తొందరగా పోదని కొందరు అంటారు. కమ్యూనిస్టుల సమానత్వమంతా ఉత్తమాటేనని ఇంకొందరు అంటారు. రెండూ నాకు మింగుడుపడవు. భావజాలమే కారణమైతే పార్టీలోకి మూడు కోట్ల మంది ఆడవాళ్లు ఎలా వచ్చారు? అంతా ఉత్తమాటే అయితే 1950 వివాహ చట్టం, ఆడపిల్లల చదువు, ఫ్యాక్టరీ ఉద్యోగాలు, ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి? ఆ మార్పు నిజమే. ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను. కానీ పై పదవులు ఓట్లతోనో జనాదరణతోనో రావు. కింది పదవి చేసినవాళ్లకే పై పదవి వస్తుంది. ఆ కింది పదవుల్లో ఏవి ఆడవాళ్ల చేతికి వస్తాయి, ఏవి రావు అన్నదే అసలు విషయం.

చైనాలో అధికారుల ఎంపిక, నియామకాలకు పార్టీ రాసుకున్న నిబంధనావళి ఉంది. 2002లో వచ్చింది, 2014లోనూ 2019లోనూ సవరించారు. కౌంటీ స్థాయి నాయకత్వ పదవికి కనీసం ఐదేళ్ల సర్వీసు, రెండేళ్లు కింది స్థాయిలో చేసిన అనుభవం కావాలి. డిప్యూటీ నుంచి అదే స్థాయిలో ప్రధాన పదవికి వెళ్లాలంటే డిప్యూటీగా రెండేళ్లు చేసుండాలి. ఒక స్థాయిలో ప్రధాన పదవి నుంచి పై స్థాయిలో డిప్యూటీ కావాలంటే మూడేళ్లు. ఆ పైన, కింది స్థాయిలో కనీసం రెండు వేర్వేరు పదవులు చూసుండాలి. కౌంటీ, దానిపైన నగరం, ఆపైన ప్రావిన్సు. కౌంటీలో డిప్యూటీగా మొదలుపెట్టి ప్రావిన్సు ప్రధాన పదవి దాకా ఐదు మెట్లు. రెండు, మూడు, రెండు, మూడు, రెండు కలిపితే 12 ఏళ్లు. ఇది కాగితం మీది కనీసం. నిజంలో ఒక్కో మెట్టు మీద ఒక పదవీకాలం, అంటే ఐదేళ్లు గడిస్తే అది 25 ఏళ్లవుతుంది. 35వ ఏట కౌంటీ డిప్యూటీ అయిన మనిషి ఎక్కడా ఆగకుండా ఎక్కినా ప్రావిన్సు గద్దె దగ్గరికి చేరేసరికి అరవై. మధ్యలో మూడు నాలుగేళ్లు పోయాయంటే ఆ లెక్క ఇక కుదరదు. పిల్లలు పుట్టి, పెరిగే ఏళ్లు సరిగ్గా ఈ నిచ్చెన మొదటి మెట్ల మీదే పడతాయి.

ఇందులో అసలు ఇరుకు కౌంటీ పార్టీ కార్యదర్శి పదవి. మన మండలానికీ జిల్లాకూ మధ్యలో ఊహించుకోండి. భూమి, బడ్జెట్, బదిలీలు, పోలీసు అన్నీ ఆ ఒక్క మనిషి దగ్గర ఉంటాయి. చైనీయులు 'ఒకటో చెయ్యి' అంటారు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ల చరిత్ర తిరగేస్తే ఎక్కడో ఒకచోట ఏదో ఒక ప్రాంతానికి 'ఒకటో చెయ్యి'గా చేసిన ఏళ్లు తరచూ కనబడతాయి. షీ జిన్‌పింగ్ కూడా హెబెయ్‌లోని ఝెంగ్‌దింగ్ కౌంటీ కార్యదర్శిగా చేసినవాడే. ఈ పదవికి ఇంకో షరతు ఉంది. పుట్టి పెరిగిన కౌంటీలో ప్రధాన పదవి ఇవ్వరు. బంధుప్రీతి పెరగకుండా పెట్టిన మంచి నియమమే. కానీ దాని భారం ఎవరి మీద పడుతుంది? మొగుడు వేరే కౌంటీకి వెళ్తే పెళ్లాం పిల్లల్ని చూసుకుంటుంది. పెళ్లాం వెళ్లాల్సివస్తే ఆ ఇంట్లో అదే మాట తిరగబడి జరగదు. కార్యదర్శి పదవి ఇస్తామన్నా 'వద్దు, ఇక్కడే డిప్యూటీగా ఉంటాను' అనే పరిస్థితి అక్కడే పుడుతుంది. ఆ తర్వాత అందరూ 'ఆమెకే ఇష్టం లేదు' అంటారు.

అలా డిప్యూటీగా ఉండిపోయిన ఆవిడకి ఏ పని ఇస్తారు? చైనా పాలనలో నాలుగు మాటలు కలిపి ఒక్క మాటగా వాడతారు: సైన్సు, విద్య, సంస్కృతి, ఆరోగ్యం. కౌంటీ కిందుండే టౌన్‌షిప్ నుంచి కేంద్రం దాకా ఆడ డిప్యూటీ అంటే ఈ నాలుగింటి బాధ్యత తరచూ ఆమెదే. లేదంటే మహిళా సమాఖ్య, లేదంటే పార్టీయేతరులతోనూ మైనారిటీలతోనూ సంబంధాలు చూసే ఐక్య సంఘటన విభాగం. ఈ పనులు చిన్నవని నేననను. ఊళ్లో బడి, ఆసుపత్రి కన్నా ముఖ్యమైనవి ఏమున్నాయి? కానీ ఏళ్ల తరబడి పదోన్నతి మార్కులు పడింది పెట్టుబడులకూ, వృద్ధి రేటుకూ, శాంతిభద్రతలకూ. ఆసుపత్రి బాగా నడిస్తే ఎవరికీ తెలియదు, అక్కడ ఏదైనా తేడా వస్తే మాత్రం పేరు బయటికొస్తుంది. అదీగాక ఇరవై ఏళ్లూ ఆరోగ్య శాఖలోనే తిరిగిన మనిషికి 'రెండు వేర్వేరు పదవుల అనుభవం' అన్న చోట ఆర్థిక శాఖో, పారిశ్రామిక వాడో చూపించడానికి ఉండదు.

ఇక కోటా సంగతి. కోటాలు లేక ఈ పరిస్థితి వచ్చిందని చాలామంది అనుకుంటారు. కోటాలున్నాయి. 2001లో నియామకాలు చూసే పార్టీ సంస్థాగత విభాగం ఆదేశాలిచ్చింది: ప్రావిన్సు, నగర స్థాయి పార్టీ కమిటీ, ప్రజా ప్రతినిధుల సభ, ప్రభుత్వం, సలహా మండలి, ఒక్కోదాని నాయకత్వ బృందంలో కనీసం ఒక మహిళ ఉండాలి. ఆచరణలో జరిగిందేమిటంటే, ఆ 'కనీసం ఒకరు' కాస్తా 'ఒకరు' అయింది. ఒకావిడ ఉంది కదా, కోటా నిండింది, రెండో ఆవిడని ఎందుకు పెట్టాలి? ఆ ఒక్క కుర్చీ కోసం ఇద్దరు సమర్థులైన ఆడవాళ్లు పోటీ పడతారు, మగవాళ్ల కుర్చీల జోలికి ఎవరూ వెళ్లరు.

ఇంతకంటే నష్టం చేసిన సంగతి ఇంకొకటుంది. పాలక బృందాల్లో పార్టీయేతరులకు, మేధావులకు, మైనారిటీ జాతులకు, స్త్రీలకు చోటుండాలని వేర్వేరు నియమాలు ఉన్నాయి. ఈ నాలుగింటికీ నలుగుర్ని పెట్టే బదులు నాలుగు లక్షణాలూ ఉన్న ఒక్క మనిషిని పెడితే అన్ని గళ్లూ ఒకేసారి నిండుతాయి. ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపితే చైనీసులో 'ఊ జి షావ్ న్యూ' అవుతుంది. 'ఏమీ తెలియని అమ్మాయి' అని దాని అర్థం. జనం నోట నలిగిన ఎగతాళి ఇది. వినడానికి నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ మాట అంటించుకున్నవాళ్లు నిజానికి బాగా చదువుకున్న ప్రొఫెసర్లూ డాక్టర్లూ. ఎగతాళి సంగతి అలా ఉంచి, ఫలితం చూడండి. మహిళా కోటా కింద వచ్చిన మనిషి పార్టీ సభ్యురాలే కాదు. పార్టీ సభ్యురాలు కాని మనిషి పార్టీ కార్యదర్శి కాలేదు. ఆమె ఉపమేయర్ అవుతుంది, ఇంకా బాగుంటే ఉపగవర్నర్ అవుతుంది, అక్కడితో సరి. కాగితం మీద కోటా నిండింది, పొలిట్‌బ్యూరోకి వెళ్లే దారిలో మాత్రం ఒక మనిషి కూడా పెరగలేదు.

మనకు తెలిసిన పద్ధతితో పోల్చి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ వార్డు సభ్యుల సీట్లతో ఆగలేదు. సర్పంచ్, మండల అధ్యక్ష, జిల్లా పరిషత్ అధ్యక్ష పదవుల్లో కూడా మూడో వంతు స్త్రీలకే అంది. తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది సగమైంది. సర్పంచ్ గారి భర్త పెత్తనం గురించి మనకెవరూ చెప్పనక్కర్లేదు. అయినా చెక్ పవర్ ఆమె పేరు మీదే ఉంటుంది, తీర్మానం కింద సంతకం ఆమెదే ఉండాలి. లెక్క కుర్చీకి పెట్టారు, 'బృందంలో ఒకరు' అని పెట్టలేదు. 2001 ఆదేశంలో 'ప్రతి ప్రావిన్సులో కౌంటీ కార్యదర్శుల్లో ఇంత శాతం స్త్రీలుండాలి' అని రాసి ఉంటే ఈపాటికి కథ వేరేగా ఉండేదని నా నమ్మకం.

ఇంతకీ పైకి వెళ్లినవాళ్లు ఎలా వెళ్లారు? 1969లో తొలిసారి ఇద్దరు ఆడవాళ్లు పొలిట్‌బ్యూరోలోకి వచ్చారు. జియాంగ్ చింగ్ మావో భార్య, యె ఛున్ రక్షణ మంత్రి లిన్ బియావో భార్య. 1978 డిసెంబరులో వచ్చిన దెంగ్ యింగ్‌ఛావ్ ప్రధాని చౌ ఎన్‌లై భార్య. ఈ మూడో ఆవిడను మిగతా ఇద్దరి పక్కన చేర్చడం అన్యాయం. 1925లో పార్టీలో చేరి, 1934-35లో ఎర్రసైన్యం వేల మైళ్లు సాగించిన లాంగ్ మార్చ్ నడిచిన మనిషి ఆమె. భర్త బతికున్నన్నాళ్లూ ఆయన పదవిలో ఉన్నాడు కాబట్టి ఆమెను పైకి రానివ్వలేదు, ఆయన పోయిన మూడేళ్లకు గానీ పొలిట్‌బ్యూరో తలుపు తెరుచుకోలేదు.

ఆ కాలంలో ఇంకో దారి ఉండేది, నూలు మిల్లు దారి. షియెన్‌యాంగ్‌లో మిల్లు కార్మికురాలు ఊ గుయిషియెన్ 1973లో పొలిట్‌బ్యూరోలో ఓటు లేని ప్రత్యామ్నాయ సభ్యురాలు అయ్యింది, 1975లో ఉప ప్రధాని అయ్యింది. చైనాలో ఆ పదవి చేసిన తొలి మహిళ. 1977లో తీసేశారు. ఎక్కడికి వెళ్లింది? తిరిగి అదే మిల్లుకి. ఛింగ్‌దావ్ మిల్లులో దారం తెగకుండా, దూది వృథా కాకుండా పనిచేసే పద్ధతికి తన పేరే పెట్టించుకున్న హావ్ జియెన్‌షియూ జౌళి మంత్రి అయ్యి, 1980ల్లో పార్టీ సెక్రటేరియట్ దాకా వచ్చింది. ఊ గుయిషియెన్‌ని ఆదర్శ కార్మికురాలిగా గాల్లోకి ఎత్తారు, కింద మెట్లు లేవు. ఎత్తిన చేతులు పక్కకు తప్పుకోగానే ఆమె ఎక్కడి నుంచి లేచిందో అక్కడే పడింది.

1949 తర్వాత ప్రావిన్సు పార్టీ కార్యదర్శులైన ఆడవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1985లో జియాంగ్‌షీలో వాన్ షావ్‌ఫెన్. 2009 నుంచి ఫుజియెన్‌లో, తర్వాత తియెన్‌జిన్‌లో సున్ చున్‌లాన్. 2020 నవంబరు నుంచి గుయిఝోలో షెన్ యిఛిన్. ఈ ముగ్గురిలో సున్ చున్‌లాన్ ఒక్కతే పొలిట్‌బ్యూరో చేరింది, 2012లో. గడియారాల ఫ్యాక్టరీ కార్మికురాలిగా మొదలై ప్రతి మెట్టూ ఎక్కి వచ్చిన మనిషి. నా వాదనకు ఆమే సాక్ష్యం: కుర్చీ ఇచ్చారు, ఎక్కి చూపించింది.

ఎక్కాక ఏ పని అప్పగించారు? 2018లో ఉప ప్రధానిగా విద్య, సంస్కృతి, ఆరోగ్యం. అంతకుముందు ఐదేళ్లు అదే కుర్చీలో ల్యూ యెన్‌దోంగ్. ఇంకా ముందు, 2003లో సార్స్ అంటువ్యాధి ముదిరి ఆరోగ్య మంత్రిని తీసేసినప్పుడు ఆ మంట ఆర్పమని పంపింది ఉప ప్రధాని ఊ యీని. పెట్రోకెమికల్ ఇంజనీరు, విదేశీ వాణిజ్య మంత్రిగా అమెరికాతో బేరాలాడిన మనిషి ఆమె. 2020లో మళ్లీ అదే. కరోనా నాయకత్వ బృందానికి అధ్యక్షుడు ప్రధాని లీ కెఛియాంగ్, వూహాన్‌లో మకాం పెట్టింది సున్ చున్‌లాన్. మార్చి 5న అక్కడి ఛింగ్‌షాన్ ప్రాంతంలో ఒక అపార్ట్‌మెంట్ సముదాయం చూడటానికి ఆమె నడిచి వస్తుంటే పై అంతస్తుల కిటికీల్లోంచి జనం అరిచారు: 'జియా ద! జియా ద!' అంతా దొంగ నాటకం అని. కూరగాయలు ఇంటింటికీ చేరుతున్నట్టు ఆవేళ నటిస్తున్నారని వాళ్ల కోపం. ఇళ్లకు తాళాలు వేయాలన్న నిర్ణయం స్టాండింగ్ కమిటీది. అందులో ఏడుగురూ మగవాళ్లు. కిటికీల కింద నిలబడి ఆ కేక విన్నది ఆమె. ఆ తర్వాత మూడేళ్లూ ఏ ఊళ్లో కఠిన ఆంక్షలు పెట్టినా టీవీలో కనబడిన ముఖం ఆమెదే. 2023 మార్చిలో రిటైరయ్యింది.

ఆమె పొలిట్‌బ్యూరో నుంచి తప్పుకుంటున్న 2022లో 31 ప్రావిన్సు స్థాయి ప్రాంతాలకు గాను ఒకే ఒక్క మహిళా కార్యదర్శి ఉంది, షెన్ యిఛిన్. బాయి అనే మైనారిటీ జాతి మనిషి, ఆ జాబితాలోంచి తర్వాతి పేరు ఆమెదే కావాలి. తీసుకోలేదు. 2023 మార్చిలో ఉప ప్రధాని కన్నా ఒక మెట్టు కిందిదైన స్టేట్ కౌన్సిలర్ పదవి ఇచ్చారు, అక్టోబరులో మహిళా సమాఖ్య అధ్యక్ష పదవి కూడా ఇచ్చారు. నలుగురు ఉప ప్రధానులూ మగవాళ్లే అయ్యారు. ఒక్క పేరు తప్పితే వేరే పేరు వెతకడానికి కూడా లేని పరిస్థితి వచ్చిందంటే, దాని మూలం 2022లో లేదు. 1990ల్లో, 2000ల్లో కౌంటీ కార్యదర్శులుగా ఎవర్ని వేశారో అందులో ఉంది.

సోవియట్ యూనియన్‌లోనూ ఇదే తీరు. యెకతెరీనా ఫూర్త్‌సెవా నేత కార్మికురాలు. 1954లో మాస్కో నగర పార్టీ మొదటి కార్యదర్శి అయ్యింది. అది నిజమైన అధికారమున్న కుర్చీ. అందుకే మూడేళ్లలో, 1957లో, అప్పట్లో ప్రెసీడియం అని పిలిచిన పొలిట్‌బ్యూరోలో పూర్తి సభ్యురాలు కాగలిగింది. 1960లో సంస్కృతి మంత్రిని చేశారు, మరుసటి ఏడే ప్రెసీడియం నుంచి తీసేశారు. చనిపోయేదాకా, 1974 వరకు, సంస్కృతి శాఖలోనే. తర్వాత మరో పూర్తి సభ్యురాలు, గలీనా సెమ్యోనొవా, 1990 జూలైలో వచ్చింది. అప్పటికి పార్టీ గుత్తాధికారాన్ని రాజ్యాంగంలోంచి కొట్టేశారు, అధికారం గోర్బచెవ్ అధ్యక్ష కార్యాలయానికి తరలిపోయింది. ఖాళీ అవుతున్న ఇంట్లో ఆమెకు గది ఇచ్చారు.

అక్కడి పార్లమెంటు సుప్రీం సోవియట్‌లో మాత్రం 1984లో మూడో వంతు ఆడవాళ్లే. 1989లో నిజమైన పోటీతో, నిజమైన చర్చతో కొత్త ప్రతినిధుల సభ వచ్చేసరికి అది సుమారు 16 శాతానికి పడింది. మహిళా కమిటీకి విడిగా 75 సీట్లు కేటాయించినా అంతే. దీన్ని చూపించి 'జనం ఆడవాళ్లను కోరుకోలేదు' అనేవాళ్లున్నారు. పార్టీలో స్త్రీల కోసం 1919లో పెట్టిన విభాగాన్ని, ఇనెస్సా అర్మాండ్, కొల్లొంతాయ్ నడిపిన జెనొత్‌దెల్‌ని, 'స్త్రీల సమస్య పరిష్కారమైపోయింది' అని 1930లో మూసేశారు. తమకంటూ ఒక సంఘబలం, ఒక నాయకత్వ పాఠశాల లేకుండా అరవై ఏళ్లు గడిచాక పోటీలోకి దింపితే ఏ సమూహమైనా ఎలా నిలబడుతుంది?

మన దేశంలో కమ్యూనిస్టులు పాలించిన కేరళ కూడా ఈ ప్రశ్న నుంచి తప్పించుకోలేదు. 1957లో కమ్యూనిస్టు నాయకురాలు కె.ఆర్. గౌరి అమ్మకు ఇచ్చింది రెవెన్యూ శాఖ, భూసంస్కరణల శాఖ. అలాంటి శాఖను తొలి మంత్రివర్గంలోనే ఒక మహిళకు ఇచ్చిన ఘనత వాళ్లదే, మెచ్చుకోవాల్సిందే. 1987 ఎన్నికల్లో 'కేరళను గౌరి పాలిస్తుంది' అని ఊరూరా నినాదాలిచ్చారు. గెలిచాక ముఖ్యమంత్రి అయింది నాయనార్. 1994లో ఆమెను పార్టీ నుంచి బహిష్కరించారు. ఆమె ఈళవ కులస్తురాలన్న సంగతిని కూడా పక్కన పెట్టి మాట్లాడలేం. సీపీఎం పొలిట్‌బ్యూరోలోకి తొలి మహిళ, బృందా కారత్, 2005లో వచ్చింది. పార్టీ పుట్టిన 41 ఏళ్లకు. తెలంగాణ సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యం దళం నడిపింది. ఆరుట్ల కమలాదేవి ఆలేరు నుంచి 1952, 1957, 1962ల్లో మూడుసార్లు గెలిచింది. ఈ పార్టీల్లో సమర్థులైన ఆడవాళ్ల కొరత ఏనాడూ లేదని చెప్పడానికి ఆ రెండు పేర్లు చాలు.

చివరగా రిటైర్మెంటు వయసు, ఎందుకంటే ఇది కొత్తగా మారింది. 1978 నుంచి చైనాలో ఆఫీసు ఉద్యోగం చేసే ఆడవాళ్లు 55కి, మగవాళ్లు 60కి దిగిపోవాల్సి ఉండేది. కౌంటీ స్థాయి, ఆపైన ఉన్న మహిళా అధికారులు 60 దాకా ఉండవచ్చని 2015లో స్పష్టంగా చెప్పారు. కానీ ఆ కింద ఉన్నవాళ్లకు 55 అలాగే ఉండిపోయింది. సాధారణంగా, ఒక పదవీకాలం కూడా మిగలని మనిషిని కొత్త కుర్చీలో కూర్చోబెట్టరు. అంటే టౌన్‌షిప్‌లో పనిచేసే ఆడమనిషి యాభైలోపు కౌంటీ గడప దాటాల్సి వచ్చేది, పక్క టేబుల్ మగవాడికి 55 దాకా టైముండేది. 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సంస్కరణ వీటిని నాలుగు నెలలకు ఒక నెల చొప్పున పెంచుకుంటూ పోతుంది. పదిహేనేళ్లు పూర్తయ్యేసరికి మగవాళ్లకు 63, ఆఫీసు ఆడవాళ్లకు 58. మధ్యలో ఉన్న ఐదేళ్ల తేడా మాత్రం అలాగే ఉంచారు.